మరో ఇరవై గజాలు

ఆదివారం పొద్దున్న నాన్నతో వాట్సాప్‌లో మాట్లాడుతూ నోరు జారాను. "185 గజాలు వస్తోంది నాన్నా, ఇంకో 20 పెంచాలని చూస్తున్నా." అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత, "ఈస్ట్ ఫేసింగేనా?" అన్నాడు. ఉప్పల్‌లో ముప్పయ్యేళ్ళు డాక్యుమెంట్ రైటర్‌గా చేసిన మనిషికి గజం అంటే ప్లాటే, ఇంకో అర్థం లేదు. గోల్ఫ్ బంతి నాన్నా, కర్రతో కొడితే ఎంత దూరం పోతుందో ఆ లెక్క అని విడమరిచి చెప్పాను. అంతా విని, "సరేగానీ పక్క బిట్టు ఎవరిదో కనుక్కో, ఆ ఇరవై వాళ్ళే ఇస్తారేమో" అని పెట్టేశాడు.

నేనుండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. ఇక్కడ రెండిటికి కొదవ లేదు, ఒకటి తెలుగువాళ్ళు, రెండోది గోల్ఫ్. గోల్ఫ్ నేర్పే ప్రొఫెషనల్స్ సంఘం పీజీఏ ఆఫ్ అమెరికా వాళ్ళు కూడా 2022లో ఫ్లోరిడా నుంచి మకాం ఎత్తేసి హెడ్డాఫీసు ఇక్కడే పెట్టుకున్నారు. వాళ్ళొచ్చారు కదా అని నేనూ క్లబ్బులు, అదే ఆ కర్రలు, ఒక సెట్టు కొన్నాను, 42 ఏళ్ళ వయసులో. అంతకుముందు నాకు తెలిసిన ఆటల్లా టెన్నిస్ బంతి క్రికెట్, అదే ఇక్కడ కొంప ముంచింది. క్లబ్బుని బయట నుంచి లోపలికి అడ్డంగా లాగుతాను, దాని మొహమేమో కుడికి తెరుచుకునే ఉంటుంది, దాంతో బంతి లాంగాన్ వైపు బయల్దేరి దారిలో మనసు మార్చుకుని కవర్స్‌లో దిగుతుంది. స్లైస్ అంటారు. ఈ ఊళ్ళో నాతో పాటు సగం మందికి ఉంది, ఎవరూ బయటపడరు.

స్లైస్‌తో సర్దుకుపోయేవాణ్ణే. మా ఆఫీసులో ఒక శ్రీకాకుళం కుర్రాడున్నాడు, 27 ఏళ్ళు, మనిషి చూస్తే పిచ్చుక, డ్రైవర్, అంటే అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బు, తీస్తే 260 గజాలు. కొట్టేసి, "గాలి కలిసొచ్చింది అన్నా" అంటాడు. ఆ వినయం ఉంది చూశారూ, అదే నాకు కడుపుమంట. పైగా జనం బంతిని మరీ దూరం కొట్టేస్తున్నారని, బంతి పరీక్షలే కఠినం చేస్తామని 2023 డిసెంబర్‌లో ఈ ఆటకి రూల్సు రాసే పెద్దలు ప్రకటించారు. ఆ జనంలో నేను లేను.

మొదట తిండి వైపు నుంచి వచ్చాను. అమెరికన్ గోల్ఫర్ బ్రైసన్ డిషాంబో 2020లో కండలు పెంచి, ప్రొటీన్ షేకులు తాగి, ఆ ఏడాది యూఎస్ ఓపెన్‌ని 6 స్ట్రోకుల తేడాతో గెలిచాడని చదివి రోజుకి ఆరు గుడ్లు మొదలెట్టాను. నెల తిరిగేసరికి బెల్టు ఒక రంధ్రం దాటింది, బంతి ఒక్క గజం దాటలేదు.

అసలు లెక్క వేగంలో ఉందట. క్లబ్బు తల వేగం గంటకి ఒక మైలు పెరిగితే బంతి సుమారు రెండున్నర గజాలు ఎక్కువ పోతుంది. నాది 88. దాన్ని పెంచడానికి మూడు కర్రలు అమ్ముతారు, ఒకటి డ్రైవర్ కంటే బాగా తేలిక, ఒకటి కాస్త తేలిక, ఒకటి కొంచెం బరువు. బంతి ఉండదు, గురి ఉండదు, వారానికి మూడు రోజులు ప్రాణం పెట్టి గాల్లో ఊపడమే. కొన్నాను. పెరట్లో ఊపితే పక్కింటివాళ్ళ కుక్క ఏడుపు మొదలెట్టింది, అందుకని గరాజ్‌లోకి మారాను.

శుక్రవారం రాత్రి తేలిక కర్ర తీసి గట్టిగా ఒక్కటి ఊపాను. బ్రహ్మాండమైన శబ్దం, ఆ వెంటే పైన ఎక్కడో టక్ అని ఇంకో చిన్న శబ్దం. చూస్తే ఏమీ విరగలేదు, బల్బు పగల్లేదు, ఆంజనేయస్వామి దయ అనుకుని పడుకున్నాను.

మర్నాడు పొద్దున్న మా ఆవిడ పట్టుచీర కట్టుకుని, ఒళ్ళో పులిహోర డబ్బాతో కార్యసిద్ధి హనుమాన్ గుడికి బయల్దేరి కారులో కూర్చుంది. గరాజ్ బటన్ నొక్కాను. మోటారు తిరుగుతోంది, గొలుసు కదులుతోంది, తలుపు మాత్రం మనది కానట్టు అలాగే ఉంది. మళ్ళీ నొక్కాను. రిమోట్ బ్యాటరీ మార్చాను, మోటారు తిరుగుతుంటే బ్యాటరీ ఎందుకు మార్చానో ఇప్పటికీ తెలీదు. మా ఆవిడ ఏమీ అనలేదు, ఒక మూల నిలబెట్టిన మూడు కర్రల వైపు ఒకసారి చూసి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

రెండు గంటలకి మెకానిక్ వచ్చాడు. తలెత్తి పైన వేలాడే ఎర్ర తాడు చూశాడు. కరెంటు పోయినప్పుడు తలుపుని మోటారు నుంచి విడదీసి చేత్తో ఎత్తుకోవడానికి పెట్టిన తాడది, నా కర్ర దాని పిడిని తగులుకుని లాగేసింది. ఆయన ఆ తాడునే ఇంకోవైపు లాగి, బటన్ ఒక్కసారి నొక్కాడు. అంతే. 95 డాలర్లు. డబ్బు తీసుకుంటూ కర్రల్ని చూసి, మళ్ళీ తాడు ఎత్తు చూసి, "ఇంత పైన తగిలిందంటే మరీ నిటారుగా ఊపుతున్నావు, నీకు స్లైస్ కదా?" అని అడిగాడు. డాక్టర్ ముందు తలూపినట్టు ఊపాను. గరాజ్‌లోనే పది నిమిషాలు నిలబెట్టి నేర్పించాడు, టీ మీద, అంటే బంతిని నిలబెట్టే చిన్న పుల్ల మీద, బంతి సగం డ్రైవర్ పైకి కనపడాలి, ఎడమ మడమకి ఎదురుగా ఉండాలి, కిందికి కాదు పైకి కొట్టాలి అని. డబ్బు కిట్టినట్టే అనుకున్నాను.

ఎనిమిది వారాలకి 88 కాస్తా 93 అయింది. ఆ శనివారం మూడో హోల్‌లో, శ్రీకాకుళం కుర్రాడు చూస్తుండగా, నా జీవితంలోకెల్లా అందమైన బంతి కొట్టాను. వంకర లేదు, సూటిగా లేచింది, గాల్లో ఆగి ఒకసారి చుట్టూ చూసినట్టు కూడా అనిపించింది. ఆ హోల్‌లో 195 గజాల దగ్గర అడ్డంగా ఒక చెరువు మొదలై 220 దాకా ఉంటుంది. ఇన్నాళ్ళూ నా బంతి 185లో బుద్ధిగా ఆగేది, అక్కడి నుంచి రెండో దెబ్బకి దాటేవాణ్ణి, చెరువుతో నాకెప్పుడూ గొడవ లేదు. ఇప్పుడు సరిగ్గా 197.

బుడుంగ్.

"సూపర్ షాట్ అన్నా" అన్నాడు కుర్రాడు.

చిన్న క్లబ్బు తీసి చెరువు ముందే ఆపుకోవచ్చు కదా అంటారు. ఎనిమిది వారాలు ఊపి, 95 డాలర్లు కట్టి, ఇప్పుడు చిన్న క్లబ్బు తీయాలా? ఆ వారమూ, ఆపై వారమూ డ్రైవరే తీశాను. మొత్తం నాలుగు బంతులు జలసమాధి.

మొన్న నాన్నే ఫోన్ చేసి, "ఏమైందిరా ఆ గజాల సంగతి?" అని అడిగాడు.

"12 పెరిగాయి నాన్నా. కానీ చెరువులో పోయాయి."

"చెప్తే వినవు కదా," అన్నాడు. "చెరువు నిండితే నీళ్ళొచ్చే ఎఫ్‌టీఎల్ హద్దు చూసుకోకుండా ముందుకెళ్తారట్రా ఎవరైనా?"