గుడ్డులోంచి వచ్చిన రోజే కార్న్ స్నేక్ పిల్లను చేతిలోకి తీసుకోవాలా?

కార్న్ స్నేక్ అంటే ఇళ్లలో పెంచుకునే, విషం లేని ఒక పాము. దాన్ని పెంచేవాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. పిల్ల గుడ్డులోంచి వచ్చిన రోజే చేతిలోకి తీసుకుంటే మచ్చికవుతుందట. ఆ రోజే తినిపించి, తర్వాత రోజు విడిచి రోజు పెడితే త్వరగా పెరుగుతుందట. తోబుట్టువులన్నిటినీ ఒకే పెద్ద గాజు ట్యాంకులో వేసి, వెచ్చదనానికి వేడి రాయి, అంటే కరెంటుతో వేడెక్కే రాయి పెడితే చాలట. వినడానికి ప్రేమగానే ఉంది. పాటిస్తే మాత్రం పిల్ల బతికి బట్టకట్టడమే కష్టం.

మొదట ఆ మొదటి రోజు సంగతి. పిల్ల ముక్కు కొసన ఉండే చిన్న పంటితో గుడ్డు పొరను చీల్చుకుంటుంది. అంతమాత్రాన వెంటనే బయటికి రాదు. తల ఒక్కటి బయట పెట్టి, ఒక్కోసారి ఒకరోజుకు పైగా అలాగే ఉండిపోతుంది. మిగిలిన పచ్చసొనను ఒంట్లోకి పీల్చుకునే సమయమది. ఇరుక్కుపోయిందేమోనని లాగారంటే రక్తనాళాలు తెగి చచ్చిపోవచ్చు. పూర్తిగా బయటికొచ్చాక కూడా మన చేతి స్పర్శతో దానికి పని లేదు. పది గ్రాములైనా తూగని ప్రాణికి పైనుంచి వచ్చే చెయ్యి అంటే తినడానికి వచ్చిన శత్రువే. ఆ భయంలో మచ్చిక కాదు సరికదా, తిండే మానేస్తుంది.

ఇక తిండి. అసలు నష్టం ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఒంట్లోకి చేరిన పచ్చసొన పిల్లకు కొన్ని రోజులపాటు సరిపోతుంది. సాధారణంగా వారం పది రోజుల్లో మొదటి కుబుసం విడుస్తుంది. తిండి ఆలోచన ఆ తర్వాతే. అంతకుముందే తినే పిల్లలు అక్కడక్కడా లేకపోలేదు. బహుశా వాటిని చూసే ఈ సలహా పుట్టి ఉంటుంది. కానీ తినలేదని టెన్షన్ పడి రోజూ ఎలుక పిల్లను ముక్కు ముందు ఆడిస్తే, మిగతావి ఇంకా బెదిరిపోతాయి.

మొదటి భోజనం ఒక్క పింకీ, అంటే ఒంటి మీద వెంట్రుక కూడా మొలవని ఎలుక పిల్ల. ఫ్రీజర్‌లోదాన్ని కరిగించి, సంచిలో పెట్టి గోరువెచ్చని నీళ్లలో ఉంచి వెచ్చబెట్టాలి. మైక్రోవేవ్ వద్దు, లోపల ఉడికిపోతుంది. ఆ తర్వాత ఐదు నుంచి ఏడు రోజులకొకసారి చాలు. రోజు విడిచి రోజు పెడితే ముందు తిన్నది అరగకముందే ఇంకోటి పడుతుంది, పిల్ల కక్కేస్తుంది. కక్కడాన్ని తేలిగ్గా తీసుకోకండి. జీర్ణరసాలూ దాంతోపాటే పోతాయి. కనీసం పది రోజులు కడుపుకు విశ్రాంతినిచ్చి, తర్వాత ఇంకా చిన్న పింకీతో మొదలుపెట్టాలి.

కుబుసం విడిచాక కూడా తినకపోతే? చిన్న గాలి రంధ్రాలున్న డబ్బాలో పిల్లనూ పింకీనీ ఉంచి, చీకట్లో రాత్రంతా వదిలేయండి. అయినా ముట్టకపోతే పింకీకి బల్లి వాసన అంటించి చూడొచ్చు. వీటి సొంత నేల అమెరికా ఆగ్నేయ ప్రాంతం. అక్కడ అడవిలో పిల్లలు చిన్న బల్లులనూ కప్పలనూ కూడా తింటాయి. నోరు తెరిచి బలవంతంగా పెట్టడం సరీసృపాల వైద్యుడి పని, మీది కాదు.

ఒకే ట్యాంకులో తోబుట్టువులంటారా, పాముకు తోడు అక్కర్లేదు. రెండు పిల్లలు ఒకే పింకీని రెండు వైపుల నుంచి పట్టుకుంటే ఒకటి రెండోదాన్ని మింగే ప్రమాదముంది. పైగా కక్కింది ఏదో, తిననిది ఏదో తెలియదు. విడివిడిగా ఉంచాల్సిందే.

ట్యాంకు పెద్దదవడమే తప్పని నేననను. దాక్కునే చోటు లేని బోసి ట్యాంకుతోనే ఇబ్బంది. వెచ్చని వైపొకటి, చల్లని వైపొకటి దాగుడు చోట్లు, నీళ్ల గిన్నె, కింద టిష్యూ పేపర్, క్లిప్పులతో బిగిసే మూత ఉంటే చిన్న ప్లాస్టిక్ పెట్టె చక్కగా సరిపోతుంది. మూత విషయంలో రాజీ వద్దు. తల పట్టే సందుంటే ఒళ్లంతా జారిపోతుంది.

వేడి రాయిని మాత్రం తీసి పారేయండి. అది ఒకచోట మాడ్చేస్తుంది, ఇంకోచోట చల్లగా ఉంటుంది. పొట్ట కాలుతున్నా పాము పక్కకు జరగకపోవచ్చు. థర్మోస్టాట్ (వేడిని అదుపులో ఉంచే పరికరం) తగిలించిన హీట్ మ్యాట్‌ను, అంటే కరెంటుతో వేడెక్కే పలచని పట్టాను ఒక వైపే పెట్టి, ఆ వైపు 28 నుంచి 30 డిగ్రీల సెల్సియస్, రెండో వైపు 24 దగ్గర ఉండేలా చూడండి. చల్లదనం ఎక్కువైతే తిన్నది అరగదు, మళ్లీ కక్కుడు మొదలవుతుంది.

ఆ సలహాలో నిజం ఒక్కటుంది: కార్న్ స్నేక్ నిజంగానే సాధువు, విషం లేదు, చేతికి అలవాటవుతుంది. వరసగా మూడు నాలుగు సార్లు తిని అరిగించుకున్నాక చేతిలోకి తీసుకోండి, మొదట్లో ఐదు నిమిషాలకు మించకుండా. తిన్న తర్వాత 48 గంటలు, కుబుసం ముందు కళ్లు నీలంగా మసకబారినప్పుడు ముట్టుకోకండి. కొత్తలో తోక ఆడించి కాటేయబోతుంది. తగిలినా గీసుకున్నంత కూడా ఉండదు, చెయ్యి విదిలించకండి.