రాయడం వస్తే రాత నేర్పడం వచ్చేస్తుందా?

"బాగా రాసేవాళ్లు ఎవరైనా వ్యాసాలు రాయడం నేర్పే ట్యూటర్‌గా పనికొస్తారు. ఎర్రపెన్నుతో తప్పులు దిద్దితే సరి. మహా అయితే ఒక పూట ఉపన్యాసం, అంతకుమించి శిక్షణ దేనికి?" ఈ మాట తెగ షేర్ అవుతోంది. దీన్ని నమ్మి కొత్త ట్యూటర్లను నేరుగా విద్యార్థుల ముందు కూర్చోబెడుతున్నారు. నష్టపోతున్నది విద్యార్థులు కాబట్టి ఒక్కో ముక్కా చూద్దాం.

"బాగా రాసేవాళ్లు ఎవరైనా..."

చేయి తిరిగినవాళ్లకు తమ వాక్యం ఎలా కుదిరిందో వివరించాల్సిన పని పెద్దగా పడదు. ఒక విద్యార్థి "మొబైల్ వల్ల పిల్లల చదువు దెబ్బతింటోంది" అని రాశాడనుకోండి. శిక్షణ లేని ట్యూటర్ ఆ వాక్యాన్ని నున్నగా తిరగరాసి ఇచ్చేస్తారు. వాక్యం బాగుపడుతుంది, వాదన మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అడగాల్సింది ఇది: "దెబ్బతినడమంటే చదివే సమయం తగ్గడమా, చదివింది గుర్తుండకపోవడమా?" అడిగాక ఆగాలి, అదే కష్టం. ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక సెకనే ఆగుతున్నారని, మూడు సెకన్లు దాటి ఆగితే జవాబులు పెద్దవిగా, ఆలోచనతో వస్తాయని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు. కొత్త ట్యూటర్లు ఆ మౌనాన్ని భరించలేక జవాబు కూడా తామే చెప్పేస్తారు.

"తప్పులు దిద్దితే సరి"

రేపు కొట్టేయబోయే పేరాలో అక్షరదోషాలు దిద్ది లాభమేమిటి? ముందు, ఇచ్చిన ప్రశ్నకు వ్యాసం జవాబు చెబుతోందా అని చూడాలి, తర్వాత ఆధారాలు, పేరాల వరుస. అక్షరదోషాలు చివర. అప్పుడూ అన్నీ కాదు, పదేపదే వచ్చే ఒక్క రకం. "భాద", "అర్దం", "విద్యార్ది" అని ఒత్తులు తారుమారవుతుంటే మొదటి రెండు చూపించి, మిగతావి విద్యార్థినే వెతకమనాలి. పెన్ను విద్యార్థి చేతిలోనే ఉండాలి.

"ఒక పూట ఉపన్యాసం"

వినడంతో అలవాటు మారదు. కొత్తవాళ్లు ముందు అనుభవజ్ఞుల పక్కన కూర్చుని వాళ్లు విద్యార్థులతో జరిపే సమావేశాలు కనీసం మూడు గమనించాలి. తర్వాత పేరు తీసేసిన నిజమైన చిత్తుప్రతితో 30 నిమిషాల నమూనా సమావేశం జరపాలి: ఒకరు ట్యూటర్, ఒకరు విద్యార్థి, మూడో మనిషి ఎవరు ఎంతసేపు మాట్లాడారో, పెన్ను ఎవరి చేతిలో ఉందో రాసుకుంటారు. మొదటి ఐదు నిమిషాలు ప్రశ్న, గడువు, విద్యార్థికి ఎక్కడ అనుమానంగా ఉందో తెలుసుకోవడానికి. ఆపైన విద్యార్థి పైకి చదవాలి. నాలుక తడబడినచోట వాక్యం చాలాసార్లు సరిగా ఉండదు. పట్టుకోవాల్సినవి రెండే సమస్యలు. చివరి ఐదు నిమిషాల్లో తర్వాత చేయబోయేది విద్యార్థే రాసుకోవాలి.

చిక్కు సందర్భాలనూ సాధన చేయించాలి. "మీరే దిద్దేయండి" అంటే, "మొదటి పేరా కలిసి దిద్దుదాం, రెండోది నువ్వు దిద్దు, నేను పక్కనే ఉంటాను" అనాలి. "ఎన్ని మార్కులొస్తాయి?" అంటే అంచనా చెప్పకూడదు. ఆధారం ఎలా ఉటంకించాలో తెలియక అడిగితే మాత్రం ఎదురు ప్రశ్నలు వద్దు, నియమం నేరుగా చెప్పేయాలి.