భూమి కవచం పగల్లేదు, ఫోన్లు ఆపక్కర్లేదు

సూర్యుడి మీద ఏ కాస్త పేలుడు జరిగినా ఫ్యామిలీ గ్రూపుల్లో అదే మెసేజ్ మళ్ళీ తిరుగుతుంది. సారాంశం ఇది: ధ్రువాల దగ్గర భూమి అయస్కాంత కవచం పగిలింది, అక్కడి రీడింగ్ మైనస్‌లోకి పడిపోయింది, శాటిలైట్లున్న దేశాలకు రోజుల ముందే తెలిసినా దాచిపెట్టాయి, కాబట్టి ఈ రాత్రి 12.30 నుంచి 3.30 దాకా ఫోన్ ఆపేసి దూరంగా పెట్టండి. కింద ఎర్రటి గ్రాఫ్ ఒకటి. పెద్దవాళ్ళు దీన్ని నమ్మి నిజంగానే టెన్షన్ పడుతున్నారు, అందుకే ఒక్కో ముక్కకూ జవాబు రాస్తున్నా.

కవచం పగిలిందన్న మాట మన దేశంలో బాగా పాకింది ఊటీ వార్తతో. అక్కడి గ్రేప్స్-3 మ్యుయాన్ టెలిస్కోప్ 2015 జూన్ 22న రెండు గంటల పాటు కాస్మిక్ కిరణాలు (అంతరిక్షం నుంచి వచ్చే శక్తిమంతమైన కణాలు) పెరగడాన్ని పట్టుకుంది. 2016లో ఆ పరిశోధన పత్రం అచ్చయింది, పేపర్లు ‘పగులు’ అని హెడ్డింగ్ పెట్టాయి. అందులో ఉన్నది కవచం కాసేపు బలహీనపడిందని మాత్రమే. పదేళ్ళ కిందటి సంగతిని నిన్నటిదిగా తిప్పుతున్నారు. అంకెల్లో చూడండి: గ్రీన్‌లాండ్ వాయవ్యాన థూలే దగ్గర భూమి క్షేత్రం దాదాపు 56,000 నానోటెస్లాలు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే యూనిట్), సూర్యుడి వల్ల వచ్చే గట్టి అయస్కాంత తుఫానులో అక్కడ కనిపించే కదలిక కొన్ని వందలు, మహా అయితే వెయ్యి, రెండు వేలు. భూమి క్షేత్రం నెమ్మదిగా తగ్గుతోందన్నది నిజమే, గత 200 ఏళ్ళలో సుమారు 9 శాతం తగ్గింది, కానీ ఒక్క రాత్రిలో పగిలిపోవడానికీ దానికీ సంబంధం లేదు.

ఇక ‘రీడింగ్ మైనస్‌లో పడింది’ అన్నది. ఎక్కువ భయపెడుతున్నది ఇదే, పూర్తిగా తలకిందులుగా అర్థం చేసుకున్నదీ ఇదే. వీళ్ళు చూపించే మైనస్ పీసీ సూచీది, అంటే ధ్రువ ప్రాంతపు అయస్కాంత అలజడిని నిమిష నిమిషానికీ లెక్కకట్టే సూచీ. ఉత్తరాన థూలే, దక్షిణాన అంటార్కిటికాలోని వోస్టాక్, ఈ రెండు చోట్ల నేలమీది మాగ్నెటోమీటర్లే (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరాలే) దానికి ఆధారం. సౌర గాలి, అంటే సూర్యుడి నుంచి ఆగకుండా వచ్చే ప్లాస్మా (విద్యుదావేశ కణాల) ప్రవాహం, తనతో పాటు సూర్యుడి అయస్కాంత క్షేత్రాన్ని మోసుకొస్తుంది. ఆ క్షేత్రం దక్షిణం వైపు తిరిగి ఉంటే భూమి క్షేత్ర రేఖలతో కలుస్తుంది, కలిసిన రేఖల్ని సౌర గాలి ధ్రువం మీదుగా పగటి వైపు నుంచి రాత్రి వైపుకు లాక్కుపోతుంది, వాటితో పాటే ప్లాస్మా కదులుతుంది, నేలకు వంద కిలోమీటర్ల పైచిలుకు ఎత్తున కరెంటు పారుతుంది, ఆ కరెంటు వల్ల కింద మాగ్నెటోమీటర్ రీడింగ్ మారుతుంది. ప్రశాంతంగా ఉన్న రోజుల్లో సహజంగా ఉండే హెచ్చుతగ్గుల్ని తీసేసి, రుతువునీ వేళనీ బట్టి సవరించి, మిగిలినదాన్ని మీటరుకు ఇన్ని మిల్లీవోల్టులని చెబుతారు. అంటే ఆ అంకె భూమి క్షేత్రం ఎంత ఉందో చెప్పదు, సౌర గాలి నుంచి లోపలికి శక్తి ఎంత వస్తోందో చెబుతుంది. మరి మైనస్ ఎప్పుడు? సౌర గాలిలోని క్షేత్రం ఉత్తరానికి తిరిగి, ధ్రువం మీద ప్రవాహం ఎదురు దిశలో నడిచినప్పుడు, ముఖ్యంగా అక్కడ ఎండ ఉండే వేసవిలో. సాధారణంగా శక్తి లోపలికి తక్కువ వచ్చే సమయం అది. ఆందోళన ఉంటే పైకి ఎగబాకే అంకె గురించి ఉండాలి: 1.5, 2 దాటి కాసేపు అక్కడే నిలబడితే అరోరా (ఆకాశంలో రంగుల వెలుగులు) కనిపించే ధ్రువాల చుట్టుపక్కల ప్రాంతంలో అలజడి మొదలయ్యే అవకాశం ఉందని లెక్క.

శాటిలైట్లకు రోజుల ముందే అంతా తెలుసన్నది సగమే నిజం. సూర్యుడి నుంచి ప్లాస్మా మేఘం బయల్దేరడం ఒకటి నుంచి మూడు రోజుల ముందు కనిపిస్తుంది. దానిలోని క్షేత్రం దక్షిణానికి ఉందా, ఉత్తరానికా అన్నది మాత్రం భూమికి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎల్1 అనే బిందువు దగ్గరికి వచ్చాకే తేలుతుంది, అప్పటికి మన చేతిలో ఉండేది పావుగంట నుంచి గంట. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి వెళ్ళిన మన సూర్య పరిశోధన శాటిలైట్ ఆదిత్య-ఎల్1 ఉన్నదీ అక్కడే, దాని మీదా మాగ్నెటోమీటర్ ఉంది. అయినా మబ్బు చూసి వానొస్తుందని చెప్పడం వేరు, చెరువులోకి నీళ్ళెన్ని చేరాయో గట్టు మీద కొలవడం వేరు. ఆ రెండోపని ధ్రువాల దగ్గరి స్టేషన్లది. దాచిపెట్టడమంటారా, ఈ సూచీలు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు.

ఆ ఎర్ర గ్రాఫ్ చాలాసార్లు ధ్రువాలది కానే కాదు. అది కేపీ, అంటే భూమి మొత్తం మీద అయస్కాంత అలజడిని 0 నుంచి 9 దాకా చెప్పే సూచీ, మధ్య అక్షాంశాల్లోని 13 స్టేషన్ల నుంచి మూడు గంటలకొకసారి తీసే అంకె, అందులో ధ్రువం దగ్గరి స్టేషన్ ఒక్కటీ లేదు. కేపీ తక్కువుంటే అంతా క్షేమమనీ అనుకోకూడదు. 2022 ఫిబ్రవరిలో వచ్చింది చిన్న తుఫానే, కానీ ఆ తుఫాను పుట్టించిన వేడికి పై వాతావరణం ఉబ్బి, అప్పుడే పంపిన 49 స్టార్‌లింక్ శాటిలైట్లలో 38 పోయాయి.

చివరగా ఫోన్. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల్లో చాలావాటిని మన వాతావరణమే ఆపుతుంది, ఫోన్ ఆన్‌లో ఉన్నా ఆఫ్‌లో ఉన్నా మీ ఒంటికి తేడా ఏమీ ఉండదు. 2024 మేలో కేపీ 9కి చేరింది, లద్దాఖ్‌లోని హాన్లేలో అరోరాతో ఆకాశం ఎర్రబడింది, ఆ రాత్రి మన ఊళ్ళలో ఫోన్లు మామూలుగానే మోగాయి. నిజమైన దెబ్బ తగిలేది వేరేచోట. 1989 మార్చి 13న కెనడాలోని క్యూబెక్‌లో గ్రిడ్ కుప్పకూలి 60 లక్షల మంది దాదాపు తొమ్మిది గంటలు చీకట్లో ఉన్నారు. ధ్రువం మీదుగా వెళ్ళే విమానాలకు రేడియో సంబంధాలు తెగొచ్చు కాబట్టి అలాంటప్పుడు దారి మళ్ళిస్తారు. అమెరికా నుంచి మీవాళ్ళు వచ్చే విమానం అలా ఆలస్యమైతే ఆశ్చర్యపోకండి, గ్రిడ్లూ శాటిలైట్లూ విమానాలూ నడిపేవాళ్ళ కోసమే ఈ కొలతలన్నీ.