తెల్ల గిత్తను బూడిద చేసిన కెమెరా గారికి

మహారాజశ్రీ కొత్త కాంపాక్ట్ డిజిటల్ కెమెరా గారి దివ్యసముఖమునకు,

ఒంగోలు నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం. తమరి క్షేమం అడగడం లేదు. బ్యాటరీ బొమ్మలో మూడు గీతలు నిండుగా కనపడుతున్నాయి కదా. రెండో గీత పోయిందని చూసుకునేలోగా తెర నల్లబడి తమరు నిద్రలోకి జారుకుంటారని కూడా ఇక్కడ అందరికీ తెలిసిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం బండలాగుడు పోటీల దగ్గర తమరు చేసిన ఘనకార్యం గురించే ఈ ఉత్తరం. కానీ మర్యాద మర్యాదే కాబట్టి స్వాగతం దగ్గర్నుంచి మొదలుపెడదాం.

తమరి కోసం పెళ్లివారి కోసం చూసినట్టు చూశాం. హైదరాబాదు దాటారని ఒక మెసేజి, విజయవాడ చేరారని ఒకటి, ఒంగోలు వచ్చేశారని ఇంకొకటి. విజయవాడ నుంచి ఒంగోలు రావడానికి ఒక్క రాత్రి పట్టింది. ఒంగోలు నుంచి ఒంగోల్లో ఇల్లు చేరడానికి మూడు రోజులు. సరే, వచ్చారు. పెట్టె తెరిస్తే అట్ట, అట్ట కింద ఇంకో అట్ట, దాని కింద తమరు, ఒక బ్యాటరీ, మణికట్టుకు తగిలించుకునే తాడు, ఒక యూఎస్‌బీ వైరు. గోడకు పెట్టే చార్జరు లేదు. మెమరీ కార్డు లేదు. పెళ్లికొడుకు గుర్రమెక్కి వచ్చాడు, తాళిబొట్టు మాత్రం మీరే కొనుక్కోండన్నాడు.

ఆదివారం పూట ట్రంకు రోడ్డులో తెరిచి ఉన్న కొట్టు వెతికి పట్టుకుంటే, అక్కడ కార్డుల మీద రాసినవి చదవడానికి ఇంకో చదువు కావాలి. 32 జీబీ, క్లాస్ 10 కార్డు తమరికి చాలు. 64 జీబీ, ఆ పైవి ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైళ్లు దాచే పద్ధతిలో ఉంటాయి, ఇంట్లో పాత కార్డు రీడరుంటే వాటి మొహం కూడా చూడదు. కొత్త కార్డును కంప్యూటర్లో కాదు, కెమెరాలోనే ఫార్మాట్ చేయాలి. కార్డు ఎడమ అంచున ఉండే బుల్లి మీట కిందికి జారిందా, 'కార్డు లాకైంది' అంటారు తమరు. ఈ ఒక్క మీట కోసం కార్డు మార్చమని కొట్టువాడితో పోట్లాడినవాళ్లు జిల్లాలో చాలామందే ఉంటారు.

పెట్టె మీద బంగారు అక్షరాలతో రాసుకున్న 2 కోట్ల పిక్సెళ్ల సంగతి కూడా కాస్త ముచ్చటించుకుందాం. ఆ రెండు కోట్ల చుక్కలూ కూర్చునే సెన్సరు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల వెడల్పు. అంటే ఒక కందిబద్ద. దాని పేరేమో '1/2.3 అంగుళాలు'. లెక్క కడితే 11 మిల్లీమీటర్లు రావాలి, ఆ కందిబద్దను మూల నుంచి మూలకు కొలిచినా ఎనిమిది కూడా రావు. ఈ కొలత పాత టీవీ కెమెరాల్లోని గాజు గొట్టాల కాలం నాటిది. అప్పట్లో గొట్టం బయటి వ్యాసం చెప్పేవాళ్లు, బొమ్మ పడే చోటు అంతకంటే చిన్నదే. గొట్టాలు పోయాయి, కొలత మిగిలింది. గోనెసంచితో కలిపి బియ్యం తూచినట్టే ఉంది, కానీ పోనివ్వండి. చిన్న సెన్సరు కాబట్టే తమరు చొక్కా జేబులో పట్టారు. ఆ మాత్రం న్యాయం ఇక్కడా ఉంది.

ఇక గిత్త.

ఒంగోలు గిత్త అంటే ఏమిటో తమరికి చెప్పవలసి రావడం మా కర్మ. సముద్రాలు దాటి బ్రెజిల్ వెళ్లి, అక్కడ 'నెలోర్' అని పక్క జిల్లా పేరు పెట్టించుకుని, మందలు మందలుగా పెరిగిన జాతి ఇది. ఒళ్లంతా తెలుపు. తల మీద, మెడ మీద, మూపురం మీద మాత్రం ముదురు బూడిద నీడ. తోక కుచ్చు నలుపు. గంగడోలు మడతల్లో తెలుపు మీద తెలుపే నీడలు వేసుకుంటూ కిందికి దిగుతుంది. అందమంతా ఆ తేడాలోనే ఉంది. తమరు తీసిన బొమ్మలో మూపురం బూడిద, పక్కటెముకలు బూడిద, గంగడోలు బూడిద. కాడికి రెండో పక్కనున్న గిత్త కూడా బూడిదే. ఎగిరిన దుమ్ము ఒక్కటే కాస్త న్యాయంగా పడింది.

ఎందుకిలా చేస్తారో తెలియక అడగడం లేదు. వెలుగు కొలిచే తమరి మీటరు మనసులో లోకానికంతటికీ ఒకటే రంగు. మీద పడిన వెలుగులో 18 శాతం తిప్పికొట్టే మధ్యరకం బూడిద. ఎదురుగా ఏమున్నా సగటున అంతే రావాలని తమరి పట్టుదల. పచ్చటి వరిమడి, ఎండిన చేను దాదాపు ఆ లెక్కకు దగ్గరగానే ఉంటాయి కాబట్టి అక్కడ బొమ్మ బాగా వస్తుంది, తమరు తెలివైనవారని మేం మోసపోతాం. తెల్ల గిత్త దానికి మూడు నాలుగు రెట్ల వెలుగు తిప్పికొడుతుంది. ఫ్రేము నిండా అది కనపడగానే తమరు కంగారుపడి, సెకనులో 500వ వంతు తెరవాల్సిన షట్టరును 1000వ వంతుకే మూసేస్తారు. వెలుగు సగానికి సగం కోత. గిత్త మీద మసిపూసి మారేడుకాయ చేయడమంటే ఇదే.

అక్కడే చూసుకుని సరిచేసుకోవచ్చు కదా అంటారేమో. ఎట్టా చూసుకునేది? తమరికి కన్ను పెట్టి చూసే కిటికీ లేదు, వెనక తెర ఒక్కటే. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ తెరలో కనపడేది మన మొహమూ, తలపాగా చుట్టుకున్న పక్కాయన మొహమూ. డిస్‌ప్లే బటన్ రెండుసార్లు నొక్కి హిస్టోగ్రామ్ (బొమ్మలో ఎడమ నుంచి కుడికి నలుపు నుంచి తెలుపు ఎంతెంత ఉందో చూపే కొండలాంటి గీత) తెప్పించుకుని, ఆ కొండ కుడి అంచుకు చేరకుండా నడుమే కూలబడిందా లేదా అని చేయి అడ్డం పెట్టి చూడాలి. గిత్తలు ఆగుతాయా?

దీనికి మందు ఉంది. '+/−' గుర్తున్న బటన్. ఒక్కో నొక్కుకు స్టాపులో (వెలుగు కొలిచే మెట్టులో) మూడో వంతు. మూడు నొక్కితే +1, అంటే వెలుగు రెట్టింపు. ఫ్రేములో సగం తెలుపుంటే +0.7, నిండా తెలుపైతే +1, మహా అయితే +1.3. అంతకు మించితే వెంట్రుకల జాడ పోయి గిత్త కాస్తా సున్నం కొట్టిన గోడవుతుంది. జేపెగ్ అనే మామూలు ఫోటో ఫైలులో ఒకసారి సున్నమైంది ఏ సాఫ్ట్‌వేర్‌కూ దొరకదు. ఇంత చక్కటి మందు తమరి దగ్గర ఉంది కదా, మరి ఆటో మోడ్‌లో ఎందుకు తాళం వేశారు? కొన్నవాళ్లు చాలామంది చచ్చేదాకా వాడేది ఆటో ఒక్కటే. డయలు 'పి'కి, అంటే ప్రోగ్రామ్ మోడ్‌కి తిప్పితే గానీ ఆ బటన్ పలకదు. ఆటోలో మెనూ తెరిచి చూడు, ఆ వరస కనపడుతుంది, నొక్కితే కదలదు. ఏ రంగులో ఉంటుందో తెలుసా? బూడిద! ఏందబ్బా నీ గోల, అక్కడ కూడా బూడిదేనా?

ఇంకా ఉంది నీ సంగతి. 'పి' లేని చవక రకాల్లో సీన్ మోడ్‌లని ఒక జాబితా పెట్టావు. బాణసంచా ఉంది, పెంపుడు కుక్క ఉంది. తెలుపును తెలుపుగా తీసే మోడ్ పేరేమిటయ్యా అంటే 'స్నో'. గుర్తు మంచుబొమ్మ. నెల్లూరు జిల్లా ఇస్కపల్లి ఉప్పు మడుల దగ్గర, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, కుప్ప పోసిన ఉప్పు తెల్లగా పడాలంటే మంచు మోడ్ పెట్టాలి! ఉప్పు మోడ్ అని పెట్టడానికి నీ సొమ్మేం పోయింది? పోనీ పంచె మోడ్? ముతక జరీ అంచు తెల్లపంచె, లాల్చీ వేసుకున్న పెద్దాయన్ని నిలువునా తీస్తే ఆ తెలుపును చూసి బెదిరి ఆయన మొహం నల్లగా మాడ్చేశావు. ముఖాన్ని గుర్తుపట్టే ఫేస్ డిటెక్షన్ ఆన్ చేస్తే మొహం బాగుపడింది, పంచె సున్నమైంది. రెండూ కావాలంటే పెద్దాయన్ని వేపచెట్టు నీడలోకి నడిపించాలి. నడిపించాం కూడా.

నలుపుకు న్యాయం జరిగిందా అంటే అదీ లేదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటును నీ ముందు పెట్టారు. నల్లటి పలక, లోపల బంగారు రవ్వలు. నల్లదనం చూసి నీకు జాలేసింది, వెలుగు పెంచావు. పలక బూడిద, రవ్వలు మాయం. ఆ ఫోటో కొనేవాడికి వెళ్తే వాడు వేరే రాయి రేటు కడతాడు. అక్కడ −1 కావాలి, మూడు నొక్కులు ఎడమకి. ఫ్లాష్ ఆపేయాలి, లేకపోతే మెరుగుపెట్టిన రాతిలో తెల్లటి మచ్చొకటి, దాని వెనక ఫోటో తీస్తున్నవాడి పొట్ట. పలకకు ఎదురుగా కాకుండా కాస్త ఏటవాలుగా నిలబడాలి. ఇవేవీ నీ పుస్తకంలో లేవు. ఆ పుస్తకంలో నిన్ను మైక్రోవేవ్‌లో పెట్టకూడదని మాత్రం ఉంది.

బటన్ నొక్కాక నువ్వు ఆలోచించుకునే ఆ అరక్షణం గురించి ఎక్కువ రాయను. సగం నొక్కి ఫోకస్ పట్టాక, ఆకుపచ్చ చదరం వెలిగాక, వేలు తీయకుండా మిగతా సగం నొక్కాలి. ఈ సంగతి తెలియనివాళ్ల కార్డుల నిండా తోకలే ఉంటాయి, ఎద్దులుండవు. కొత్తపట్నం బీచిలో ఒక్క ఇసుక రేణువు నీ లెన్సు గొట్టం సందులో దూరితే కిర్రుమని ఆగి, 'లెన్స్ ఎర్రర్' అని చేతులెత్తేస్తావన్న సంగతి కూడా ఎక్కువ రాయను. బీచికి జిప్పున్న కవరులో తప్ప తీసుకెళ్లం.

అయినా ఒక మాట. మూడు నొక్కులు నొక్కి, 'పి'లో పెట్టి, చివరి జత వచ్చినప్పుడు తీసిన బొమ్మ ఒకటుంది. అవతలి గట్టు నుంచి, లెన్సుతో జరిగే అసలు జూమ్‌ను చివరిదాకా లాగి తీసింది. మా ఫోను ఆ దూరంలో బొమ్మను కత్తిరించి సాగదీస్తుంది, నీ గాజు మాత్రం నిజంగా దగ్గరికి తెచ్చింది. అందులో గిత్త తెల్లగా ఉంది. మూపురం మీది నీడ నీడలాగే ఉంది. ముక్కుతాడు దగ్గర నురగ ఒక్క చుక్క, ఎండకి మెరుస్తూ. నాలుగిళ్లవాళ్లు వచ్చి చూసిపోయారు. గిత్త యజమాని ఆ బొమ్మ ఫ్రేము కట్టించమన్నాడు, గ్లాసు మెరవకుండా మ్యాట్ పేపరు మీద.

నిన్ను వెనక్కి పంపించే గడువు ఇంకా నాలుగు రోజులుంది. పెట్టె, అట్టలు జాగ్రత్తగానే దాచాం. నీ మణికట్టు తాడు మాత్రం నిన్న రాత్రి బిగించేశారు ఇంట్లో.

ఇట్లు,
ఒంగోలు నుంచి.

తా.క.: ఆ +1ని మళ్లీ సున్నాకి తిప్పడం ఎవరికీ గుర్తులేదు. ఆపేసి మళ్లీ ఆన్ చేసినా నువ్వు దాన్ని అట్టే దాచిపెట్టుకున్నావు. సాయంత్రం నెల్లూరు చుట్టాలొచ్చి చేపల పులుసు చేస్తే, తీసిన పదిహేడు ఫోటోల్లోనూ పులుసు మజ్జిగ పులుసులా ఉంది. ఇది నీ తప్పు కాదు. అయినా నీ మీదే రాస్తున్నాం.