చెప్పుకున్న బాధ మైకు దాకా వెళ్లాలా?

నేనేం చదువుతున్నానో మా అవ్వకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. కౌన్సెలింగ్ అంటే మా వైపు జనానికి తెలిసినవి రెండే. ఒకటి ఇంజినీరింగ్ సీటు కోసం వెళ్లే ఎంసెట్ కౌన్సెలింగ్. రెండోది రౌడీషీటర్లను స్టేషన్‌కు పిలిపించి సీఐ ఇచ్చే కౌన్సెలింగ్. ‘‘బాధలో ఉన్నోళ్లు వచ్చి చెప్పుకుంటే ఎట్ల వినాల్నో నేర్పే చదువు అవ్వా’’ అన్నాను. ‘‘అది మన అయ్యగారు చేసేదే కదా పాపా, దానికి కడపకు పోయి ఫీజు కట్టాల్నా?’’ అంది.

అవ్వ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. కడప, కర్నూలు, అనంతపురం వైపు క్రైస్తవ కుటుంబంలో కష్టమొస్తే మొదటి ఫోన్ అయ్యగారికే, అంటే పాస్టరుగారికే వెళ్తుంది. మొగుడు తాగొచ్చి కొట్టినా, బ్యాక్‌లాగులు పేరుకుపోయి కొడుకు గది తలుపు తీయకపోయినా, కువైట్‌లో పనికి పోయిన తల్లి వారం రోజులుగా ఫోన్ ఎత్తకపోయినా, బోరు ఎండిపోయి అప్పులోళ్లు ఇంటి ముందు కూర్చున్నా అంతే. మా సంఘాల్లో ఎక్కువమంది దళిత కుటుంబాల వాళ్లు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారితే ఎస్సీ హోదా ఉండదు కాబట్టి రికార్డుల్లో బీసీ-సి. ఆఫీసులోనో ఆసుపత్రిలోనో కుర్చీ చూపించి ‘కూర్చోమ్మా’ అన్నవాళ్లు మా పెద్దలకు తక్కువ. అయ్యగారు మాత్రం ఇంటికే వస్తారు. నులక మంచం మీద కూర్చుంటారు, ఇచ్చిన టీ తాగుతారు, ఇంట్లో ఒక్కొక్కరి పేరు ఎత్తి ప్రార్థిస్తారు. పీజీలో నేను చదువుకున్న ఏ పాఠమూ దీనికి సాటి రాదు.

పైగా వేరే దారి కూడా పెద్దగా లేదు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, ఆందోళన, కుంగుబాటు లాంటి సాధారణ సమస్యలున్నవాళ్లలో 85 శాతం మందికి వైద్యం అందడం లేదని తేలింది. మా పొరుగున ఉన్న బళ్లారిలోనే 1980లలో జిల్లా స్థాయి మానసిక వైద్యాన్ని ప్రయోగంగా నడిపి చూశారు. అదే నమూనాగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. పక్క జిల్లాలో పుట్టిన పథకమే అయినా, మా పల్లెలో ఒక్కరి నోటా దాని పేరు నేను వినలేదు. ఇట్లాంటి చోట సంఘాన్ని పక్కన పెట్టి మనసు గురించి మాట్లాడడం కుదరదు. అందుకే సంఘంలో జరుగుతున్న ఒక పొరపాటు గురించి లోపలి మనిషిగా రాస్తున్నాను.

ఇంటర్ అయ్యాక నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో ఉన్న ఏడాది నాకు నిద్ర పట్టకుండా పోయింది. రాత్రి రెండింటికి లేచి కూర్చునేదాన్ని. గుండె దడ, చేతులు చల్లబడడం. మార్కుల టెన్షన్ అనుకున్నాను కానీ సెలవుల్లో ఇంటికొచ్చినా తగ్గలేదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, వంటింట్లో గ్లాసులు కడుగుతూ మా సంఘం అమ్మగారికి, అంటే పాస్టరుగారి భార్యకు చెప్పుకున్నాను. ఆమె తడి చేత్తోనే నా తల నిమిరింది. ఆ పది నిమిషాలు నాకు ఎంత ఊరటనిచ్చాయో ఇప్పటికీ గుర్తుంది.

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నా పేరు మైకులో వచ్చింది. ‘‘మన చెల్లెలికి నిద్ర లేదు, మనసు కుదురుగా లేదు, సాతాను బంధకాల నుంచి విడుదల కోసం అందరం ప్రార్థన చేద్దాం.’’ మందిరం మీద లౌడ్‌స్పీకర్ ఉంది. వీధి మొత్తానికి వినిపించింది. మరుసటి రోజు కొట్టుకు పోతే అంగడాయన ‘‘ఏం పాపా, నిద్ర పడుతోందా?’’ అన్నాడు. మా అక్కకు వస్తున్న సంబంధం వాళ్లు ఆ నెలలోనే వెనక్కి తగ్గారు. ఆ ఇంట్లో ఒక పాపకు మైండ్ బాగలేదంట అన్నారని తర్వాత తెలిసింది.

మా స్త్రీల కూడికలో ప్రార్థన అవసరతలు రాసే పుస్తకం ఒకటి ఉంటుంది. పొడవాటి గీతల నోట్‌బుక్, అట్టకు క్యాలెండర్ కాగితం చుట్టి ఉంటుంది. ఫలానా ఆమెకు షుగరు, ఫలానా వాళ్ల అబ్బాయికి ఉద్యోగం, ఫలానా ఆయన తాగుడు మానాలి. ఒక్కో గీత మీద ఒక్కో ఇల్లు. ఆ వారం తొమ్మిదో గీత మీద నా పేరుంది. రాసింది మా అమ్మ. అమ్మగారు చెబితే అమ్మే స్వయంగా గుండ్రటి అక్షరాలతో రాసింది. ఎంతమంది మోకాళ్లూనితే బిడ్డకు అంత మేలని నమ్మి రాసింది. అందులో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. కానీ ఆ తర్వాత మూడేళ్లు నేను ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు, అమ్మకు కూడా.

నష్టం నాతో ఆగి ఉంటే ఇంత రాసేదాన్ని కాదు. ఆ శుక్రవారం చాపల మీద కూర్చున్న అరవై మందిలో నాలాంటి బాధ ఉన్నవాళ్లు కచ్చితంగా ఉండి ఉంటారు. చెబితే మైకులో వస్తుందని వాళ్లకు ఆ రోజే తెలిసిపోయింది. షుగరు గురించి చెబుతారు, వీసా గురించి చెబుతారు. బతకాలని లేదన్న మాట మాత్రం లోపలే ఉండిపోతుంది. అందరికంటే ముందు వినాల్సిన మాట అదే.

ఇప్పుడు నా సంచిలో ఇంకో నోట్‌బుక్ ఉంది. ప్రాక్టికమ్‌ది, అంటే కోర్సులో భాగంగా మనుషుల్ని కలిసి కౌన్సెలింగ్ నేర్చుకునే పనిది. అందులో పేర్లు ఉండవు, అంకెలే. ఏ అంకె ఎవరిదో రాసిన కాగితం మా మేడమ్ బీరువాలో తాళం వేసి ఉంటుంది. మొదటి రోజే ఎదుటి మనిషికి చెప్పాలి: మీరు చెప్పేది ఈ గది దాటదు, మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుంటే, చిన్నపిల్లల మీద అఘాయిత్యం జరుగుతుంటే మాత్రం దాటాల్సి వస్తుంది, అదీ మీకు చెప్పే చేస్తాం అని. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ఈ గోప్యతను హక్కుగానే గుర్తించింది. నా దగ్గరకు వచ్చినవాళ్ల సంగతి ఒక్కటి కూడా ఈ వ్యాసంలో రాయకపోవడానికి కారణం కూడా ఇదే. అయితే నేనూ ఒకసారి తప్పాను. బస్సులో పక్కన కూర్చున్న క్లాస్‌మేట్‌తో మనసు భారంగా ఉందంటూ ఏదో చెప్పాను. పేరు ఎత్తలేదు. ఊరు, కోర్సు చెప్పానంతే. ‘‘ఆ, ఆమేనా’’ అనేసింది. చిన్న ఊళ్లలో మనిషిని గుర్తుపట్టడానికి పేరు అక్కర్లేదు. ఆ రోజు బస్సు దిగేదాకా నాకు తలెత్తబుద్ధి కాలేదు. మేడమ్‌కు నేనే చెప్పి, మూడు వారాలు కేసులు చూడకుండా ఉన్నాను.

ఇదంతా లోకం చదువు, మనకెందుకు అనే పెద్దలున్నారు. వాళ్లకు వాక్యంలోంచే చెప్పాలనుకుంటున్నాను. సాక్ష్యాల కూడికల్లో ఎక్కువగా ఎత్తే యాకోబు పత్రిక 5:16 ‘ఒకనితోనొకడు’ ఒప్పుకోమంటోంది. అక్కడున్నది ఇద్దరు మనుషులు. యాయీరు అనే ఆయన చనిపోయిన కూతుర్ని లేపడానికి వాళ్లింటికి వెళ్లినప్పుడు ప్రభువు చేసిన మొదటి పని గుంపును బయటికి పంపడం. తల్లిదండ్రులను, తన వెంట వచ్చిన ముగ్గురు శిష్యులను మాత్రం లోపలికి తీసుకెళ్లి, పిల్ల లేచాక ఈ సంగతి ఎవరికీ తెలియకూడదని గట్టిగా చెప్పాడు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించమన్నదీ ఆయనే. కథోలికుల్లో పాపసంకీర్తనం, అంటే పాపాల ఒప్పుకోలు, విన్న గురువు ఆ మాట బయటపెడితే సంఘ బహిష్కారమే శిక్ష. మా ప్రొటెస్టెంట్ సంఘాల్లో, ఇంటింటికీ లేచిన స్వతంత్ర సంఘాల్లో అలాంటి కట్టుబాటు నేను చూడలేదు. ప్రతి విశ్వాసీ యాజకుడే అంటాం. యాజకుడి నోటికుండే కట్టుబాటు కూడా విశ్వాసులందరికీ రావాలి కదా.

క్లాసులో కార్ల్ రోజర్స్ గురించి చెప్పిన రోజు నాకు ఇది ఇంకా బాగా తెలిసొచ్చింది. తీర్పు చెప్పకుండా వినడాన్ని కౌన్సెలింగ్‌కు పునాదిగా చేసిన ఈయన న్యూయార్క్‌లోని యూనియన్ థియలాజికల్ సెమినరీలో రెండేళ్లు చదివి, తర్వాత సైకాలజీకి మారాడు. ఆయన చెప్పిన షరతుల్లేని అంగీకారం గురించి వింటుంటే నాకు కొత్త పాఠంలా అనిపించలేదు. మా అమ్మగారి తడి చెయ్యి గుర్తొచ్చింది. ఆమెకు వినడం వచ్చు. విన్నది ఎక్కడ ఆపాలో ఎవరూ నేర్పలేదు, అంతే. బైబిల్ కాలేజీల్లో ప్రసంగం ఎట్లా చేయాలో నేర్పినంత శ్రద్ధగా ఇది నేర్పాలి.

గోప్యత గురించి మాట్లాడితే వెంటనే ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాటేసి వెళ్లలేను. మా దగ్గర కొన్ని విషయాలు చాలా జాగ్రత్తగా దాస్తారు. పెద్ద మనిషి చేసిన తప్పు, ఇంటి లోపల చిన్నపిల్ల మీద పడిన చెయ్యి, కానుకల లెక్క. ‘సంఘ సాక్ష్యం పోతుందమ్మా’ అని, సంఘం మంచిపేరు సాకు చూపి నోరు మూయిస్తారు. ఇది గోప్యత కాదు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. పాస్టరుగారికి మినహాయింపు లేదు, సంఘ పెద్దకూ లేదు. చెప్పకపోతే అదే నేరం. పద్దెనిమిదేళ్ల పిల్లకు నిద్ర పట్టని సంగతి మైకులోకి, పసిదాని కన్నీళ్లు మూసిన గదిలోకి పోతున్నాయి. ఈ రెండూ తారుమారు కావాలి. గోప్యత ఉన్నది బాధపడే మనిషి కోసం, బాధపెట్టినవాడి కోసం కాదు.

జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్లు పెట్టిన క్యాంప్‌బెల్ ఆసుపత్రికి మా తాతల కాలంలో ఎడ్లబండ్ల మీద పోయేవాళ్లట. ఒంటికి జబ్బు చేస్తే ప్రార్థన చేసి సూది కూడా వేయించుకోమన్న మిషన్ల చరిత్ర మా రాయలసీమది. షుగరు మాత్ర వేసుకుంటే విశ్వాసం తక్కువని మా సంఘంలో ఎవరూ అనరు. నిద్రకూ కుంగుబాటుకూ డాక్టరు రాసిన మాత్ర దగ్గరికొచ్చేసరికి మాత్రం అంటారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరు ప్రతి మందిరం గోడ మీద, చెప్పుల స్టాండు దగ్గర కనబడేలా రాస్తే ఎవరి విశ్వాసమూ తగ్గదు.

పోయిన వేసవిలో ధైర్యం చేసి స్త్రీల కూడికలో నా సంగతి నేనే చెప్పాను. మూడేళ్లు ఎందుకు మాట్లాడలేదో చెప్పాను. అమ్మ చాప అంచు పట్టుకుని తల వంచుకుంది. అమ్మగారు ఏడ్చింది. తర్వాత ఒక మాట అనుకున్నాం: అవసరత చెప్పినవాళ్లను ముందు అడగాలి, మీ పేరు చదవమంటారా, వద్దా అని. లౌడ్‌స్పీకర్ మాత్రం పాటలకూ వాక్యానికే. అందరికీ నచ్చలేదు. మా అవ్వకు అసలు నచ్చలేదు. ‘‘పేరు చెప్పకుంటే బియ్యం ఎవరింటికి తీసకపోవాల పాపా?’’ అని అడిగింది. దీనికి నా దగ్గర సరైన జవాబు లేదు. మా ఇంట్లో తాత పోయినప్పుడు పద్నాలుగు రోజులు పొయ్యి వెలిగించనీయకుండా అన్నం తెచ్చింది ఆ పేర్లు విన్న మనుషులే. నలభై అయిదు నిమిషాల సెషన్‌లో నేనివ్వలేనిది అది. ‘అడిగి చెప్పడం’ తప్ప ఇంకేం చేయాలో నాకు తోచలేదు. అదే చెప్పాను. అవ్వ ఒప్పుకోలేదు.

రెండు వారాల కింద ఇంటికి పోయినప్పుడు నోట్‌బుక్ తెరిచి చూశాను. షుగరు, ఉద్యోగం, వీసా, పేర్లతో సహా అన్నీ ఉన్నాయి. ఆరో గీత మీద మాత్రం ఏమీ రాయలేదు. అంకె వేసి వదిలేసింది అమ్మ. ‘‘ఎవరే ఆరు?’’ అని అవ్వ రెండుసార్లు అడిగింది. అమ్మ చెప్పలేదు. అవ్వ కాసేపు గొణిగి, కొంగు తలమీద కప్పుకుని, గోడ పట్టుకుని మోకాళ్ల మీదకు వంగింది. ‘‘ప్రభువా, ఆరో ఆమెను చూడు తండ్రీ’’ అంది.