ఏ బండి ఎవరి వీధికి?

ట్రామ్ కంపెనీల చరిత్ర అనగానే టికెట్ ధరలు, సమ్మెలు, మూతపడిన లైన్లు గుర్తొస్తాయి. ఏ బండిని ఏ రూట్‌కు వేయాలన్నది మాత్రం డిపోలో గుమాస్తా చూసుకునే పనని కొట్టిపారేస్తారు. అది సరికాదన్నదే మా వాదన.

కొన్నిచోట్ల ఆ నిర్ణయం దారి చేతుల్లోనే ఉండేది. లండన్‌లో 1906లో కింగ్స్‌వే సొరంగం తెరిచినప్పుడు దాని ఎత్తు డబుల్ డెక్కర్లకు చాలలేదు. నగరమంతా రెండంతస్తుల ట్రాములు తిరుగుతున్నా, సొరంగం గుండా పోయే సర్వీసులకు సింగిల్ డెక్ బండ్లే వేశారు. నేల కింద నిప్పంటుకుంటే దిక్కుండదని వాటిని లోహంతో కట్టించారు. చివరికి సొరంగాన్నే లోతు చేసి, 1931 జనవరిలో డబుల్ డెక్కర్లను దింపారు. అమెరికాలో సియాటిల్ నగరంలోని క్వీన్ ఆన్ గుట్ట మరీ నిటారు. వీధి కింద బరువైన బండి ఒకటి తీగతో వేలాడుతూ ఉండేది. అది కిందికి జారుతుంటే పైన ట్రామ్ ఎక్కేది. ఆ తీగకు తగిలించుకునే ఏర్పాటున్న బండ్లే ఆ లైన్‌కు పనికొచ్చేవి.

వీటితో ఎవరికీ పేచీ లేదు. ఎంపిక కంపెనీ చేతిలో ఉన్నప్పుడు ఏం చేసిందన్నదే చూడాలి.

అమెరికాలోని మరో నగరం న్యూ ఆర్లీన్స్ సంగతే తీసుకుందాం. కంచర గాడిదలు ట్రాములు లాగిన రోజుల్లో అక్కడ నల్లవారికి వేరే బండ్లు ఉండేవి. గుర్తుగా వాటిపై నల్ల నక్షత్రం వేసేవారు. తమ బండ్లు నిండిపోతే తెల్లవారు నక్షత్రం బండి దర్జాగా ఎక్కేవారు, నల్లవారికి మాత్రం ఎదురుగా ఖాళీ బండి వచ్చినా ఎక్కే హక్కు లేదు. అంటే బండ్ల కేటాయింపు పేరుతో జరిగింది మనుషుల కేటాయింపే. 1867 వసంతంలో నల్లవారు వీధుల్లోకొచ్చి, తెల్లవారి బండ్లెక్కి కూర్చున్నారు. మే నెలలో నక్షత్రం బండ్లు పోయాయి. అయితే 1902లో చట్టం తెచ్చి మళ్లీ విడదీశారు. ఈసారి ఒకే బండిలో సీట్ల మధ్య అడ్డు పలకలు పెట్టారు. అవి తొలగడానికి 1958 దాకా పట్టింది.

అదే నగరంలో 2005 ఆగస్టులో కత్రినా తుపాను వచ్చింది. కెనాల్ వీధిలో తిరిగే ఎర్ర బండ్లు షెడ్డులోనే వరద నీట మునిగాయి. సెయింట్ చార్లెస్ లైన్‌లో 1920ల నాటి ఆకుపచ్చ బండ్లు క్షేమంగా మిగిలినా, వాటికి కరెంటిచ్చే తీగలు తెగిపోయాయి. ఒకచోట లైను ఉంది, బండ్లు లేవు. మరోచోట బండ్లు ఉన్నాయి, లైను లేదు. దాంతో పాత ఆకుపచ్చ బండ్లనే కెనాల్ వీధికి పంపి ఆ డిసెంబరులోనే సర్వీసు మొదలెట్టారు. ఆ పరిస్థితుల్లో అంతకన్నా తెలివైన పని లేదు. అయితే ఎర్ర బండ్లలో ఉన్న ఏసీ, వీల్‌చెయిర్ లిఫ్టు పాతవాటిలో లేవు. వారసత్వ సంపద కదా అని వాటిని మార్చలేదు. ముచ్చటైన ఆ చెక్క సీట్ల బండి నడవలేనివారికి అందలేదు. ఫొటోల్లో ఈ సంగతి కనపడదు.

ఇంత దూరం నగరాల ముచ్చట మనకెందుకంటారా? మహిళలకు ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి అమల్లో ఉంది. అయితే అది పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి సర్వీసులకే. ఒక రూట్‌లో ఎక్స్‌ప్రెస్ తీసి డీలక్స్ వేస్తే, అది ఎక్కే మహిళ టికెట్ కొనాల్సిందే. జీవో మారనక్కర్లేదు, డిపో షెడ్యూల్ మారితే చాలు. కాబట్టి ప్రతి రూట్‌లో ఏ రకం బస్సులు ఎన్ని తిరుగుతున్నాయో రెండు ఆర్టీసీలూ బస్టాండ్లలో బోర్డు పెట్టాలి. ఒక రకం తీసి మరో రకం వేసేముందు కారణమేమిటో అక్కడే రాయాలి.