పాట ఎవరిది, పేరు ఎవరిది?

1838 జూన్ 10న ఆస్ట్రేలియాలోని మయాల్ క్రీక్ దగ్గర తెల్లవాళ్ల కింద పనిచేసే పశువుల కాపరులు సుమారు 28 మంది ఆదివాసులను నరికి చంపారు. చనిపోయిన వారిలో ఎక్కువ మంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. ఆ నేరానికి ఏడుగురిని డిసెంబరు 18న ఉరితీశారు. దానికి సరిగ్గా ఐదు రోజుల ముందు సిడ్నీలోని 'ది ఆస్ట్రేలియన్' పత్రికలో 'ది అబొరిజినల్ మదర్' అనే కవిత వచ్చింది. హంతకుల నుంచి తప్పించుకుని పారిపోతున్న తల్లి, చంటిబిడ్డను ఏడవవద్దని బతిమాలే జోలపాట అది. రాసినది ఎలైజా హామిల్టన్ డన్‌లప్, ఆ ఏడాదే ఐర్లండ్ నుంచి వచ్చిన మనిషి.

ఉరిశిక్షలను తిట్టిపోస్తున్న వలస సమాజంలో ఆ కవిత అచ్చు కావడమే సాహసం. 1841లో ఐజాక్ నేథన్ దానికి బాణీ కట్టి సిడ్నీలో పాడిస్తే హెరాల్డ్ పత్రిక విరుచుకుపడింది. ఆదివాసుల గురించి ఇది తప్పుడు అభిప్రాయం కలిగిస్తుందట! డన్‌లప్ ఊరుకోలేదు, బదులు రాసింది.

ఇంత చెప్పుకున్నా ఆ కవితతో నాకు ఒక పేచీ ఉంది. అందులోని తల్లి దుఃఖం నిజమైనదే, గొంతు మాత్రం ఇంగ్లీషు గాథాగేయాల్లోని తల్లిది. నా దృష్టిలో డన్‌లప్ అసలు పని ఆ తర్వాత వాలంబై అనే ఊళ్లో జరిగింది. ఆమె భర్త అక్కడ మేజిస్ట్రేటు. ఆమె చుట్టుపక్కల ఆదివాసుల మాటలూ పాటలూ విని రాసుకుంది. 1848లో సిడ్నీ పత్రికలో ఒక పాటను వాళ్ల భాషలోనే అచ్చు వేయించింది. పక్కన తన ఇంగ్లీషు అనువాదం పెట్టింది. పాట కట్టిన కవి పేరు వుల్లతి అనీ చెప్పింది. అనువాదం ఇంగ్లీషు ఛందస్సులో పోతపోసినదే, కాదనను. కానీ మూలం పక్కనే ఉంది, కవికి పేరుంది. జోలపాట గురించి రాసేవారు ఈ పాట దగ్గర అంతసేపు ఆగరు.

పత్రికా కవిత్వం ఆ దారి పట్టలేదు. 1864 నాటి హెన్రీ కెండల్ ప్రసిద్ధ కవిత ఒక ఆదివాసి తెగలో చివరివాడిని మోకాళ్లలో తల దాచుకున్నవాడిగా చూపిస్తుంది. అతనికి పేరు లేదు. పాఠకుడు ఒక నిట్టూర్పు విడిచి పేజీ తిప్పేయవచ్చు, ఎందుకంటే అంతరించిపోతున్నవాడు భూమి ఎవరిదని అడగడు. 1880లో పుట్టి బుష్ కవులను, అంటే ఆస్ట్రేలియా పల్లెల, అడవుల బతుకును పాడిన కవులను, తలకెత్తుకున్న సిడ్నీ వారపత్రిక 'ది బులెటిన్' 1908 నుంచి 'ఆస్ట్రేలియా తెల్లవాడిది' అనే నినాదాన్ని మోసింది. 1960 దాకా దింపలేదు.

పేరు చెరిపే అలవాటు వలస కాలంతో పోలేదు. ఙారిన్జెరి తెగకు చెందిన డేవిడ్ యునైపన్ సేకరించి రాసిన పురాగాథలు 1930లో విలియం రామ్సే స్మిత్ పేరుతో పుస్తకంగా వచ్చాయి. 1995లో యాభై డాలర్ల నోటు మీద యునైపన్ బొమ్మ వేశారు. ఆ గాథలు అతని పేరుతో రావడానికి 2001 దాకా పట్టింది.